చింతగింజ గొర్రె

పద్మారావునగర్‌ల టిఫిన్ సెంటర్ మీద
ట్యూషన్ చెప్పే అర్ర.
ఐతారం పిల్లలుండరు.
బోర్డు మీద శనివారం లెక్క
సగంల ఆగి ఉంటది. ఎవ్వరం తుడువం.
అల్లం చట్నీ వాసన మెట్లెక్కి
మాకంటె ముందే వచ్చి కూసుంటది.

నేను లిఫ్టులు బాగుచేస్త.
మాదాపూర్‌ల ఇరవై రెండంతస్తుల బాయిలకు
బెల్టు కట్టుకొని దిగుత.
లిఫ్టు నడిచినన్నొద్దులు నేను లేను.
ఆగిందంటె అందరికి యాదికొస్త,
అదిగూడ తిట్టెతందుకు.
వారమంత నాతోని మాట్లాడేది
గ్రీజు, చీకటి,
పైన యాడనో తలుపు సందుల నుంచి
"అయిందా?" అని ఒర్రే ఒక గొంతు.

ఇక్కడికి మొదలు వచ్చింది ఆటకు గాదు, వానకు.
మెట్ల కింద తడుసుకుంట నిలవడితె
ఒకాయన తొంగిజూసి అడిగిండు:
"అన్నా, ఒక మనిషి తక్కువ పడుతుండు. వస్తవా?"

ముప్పై ఆరేండ్లల్ల
నేను లేక యాడనన్న ఒక మనిషి తక్కువైండని
ఇనుడు అదే మొదలు.

ఆ పిలిచినాయన ముక్తార్ భాయ్.
ఛత్తాబజార్‌ల పెండ్లికార్డులు అచ్చేస్తడు.
ఆట అట్ట చినిగితె
మిగిలిన కార్డు ముక్కతోనే అతుకేస్తడు,
గందుకే మా అడివి అంచుకు
ఎవలదో పెండ్లికొడుకు పేరు సగం ఉంటది.
ఫ్లోరా మేడం రైల్వే కౌంటర్ల ముప్పై ఏండ్లు చేసింది.
పాచికలు ఇసిరే ముందు
చిల్లర లెక్కవెట్టినట్టు వేళ్లు కదుపుతది.
యాదిరెడ్డి లా చదువుతుండు,
రూల్సు పుస్తకం పదకొండో పేజీ కోసం
హైకోర్టు దాక పోయేటట్టుంటడు.
సువర్చల మాట్లాడదు.
"గోధుమలియ్యి, ఇటుకలిస్త."
మూడు నెలల్ల గిదొక్కటే మాట.
ఎప్పుడు జూసినా నష్టపు బేరమే.
తెల్సే చేస్తదని నాకు మొన్న సమజైంది.

ఫోన్ల గూడ ఉన్నదంట గీ ఆట.
నైట్ డ్యూటీల ఆడి చూసిన.
లెక్క తప్పదు. పాచిక కింద పడదు.
బీరువ కింద చెయ్యివెట్టి
దుమ్ముల దేవులాడే పని లేదు.
గని ఫ్లోరా మేడం పావు లేవట్టి,
నా మొకం దిక్కు జూసి,
మెల్లగ చెయ్యి ఎనుకకు తీసుకుంటది చూడు,
ఆ చెయ్యి కోసం రెండు బస్సులు మారుత నేను.

ఒకపారి కానిస్టేబుల్ వచ్చిండు.
పేకాట నడుస్తుందని ఎవలో ఫోన్ కొట్టిన్రంట.
బల్ల మీద లాఠీ వెట్టి చూసిండు:
గొర్రెలు, ఇటుకలు, అగ్గిపుల్ల తలకాయంత ఇండ్లు.
"పైసలేవి?"
"లేవు సార్."
"మరి గెలిస్తె ఏమొస్తది?"
"ఏం రాదు సార్."
"మరెందుకు ఆడుతున్రు?"

ఎవ్వరికి జవాబు రాలే.
యాదిరెడ్డికి సుత.

పావుగంట గట్లనే నిలవడ్డడు.
పోయేముందు టోపీ సదురుకుంట
ముక్తార్ భాయ్ చెవుల ఊదిండు:
"ఆ మూల మీదిది ముందు కట్టు."

పెట్టెల ఒక గొర్రె ఎన్నడో పోయింది.
ముక్తార్ భాయ్ చింతగింజ ఒకటి
సగం అరగదీసి తెచ్చిండు.
ఒక దిక్కు తెలుపు, ఒక దిక్కు నలుపు.
గిది గొర్రె అన్నడు.
అయిదుగురం ఒప్పుకున్నం.
అంతే, గొర్రె అయింది.
మేసింది, అమ్ముడువోయింది,
ఒకపారి నన్ను గెలిపియ్యవోయి ఆగింది.

ఇయ్యాల సోమవారం. పదిహేడో అంతస్తు.
స్క్రూ కోసం జేబుల చెయ్యివెడితె
నున్నగ తగిలింది.
సదిరేటప్పుడు పొరపాటున తెచ్చుకున్న.

పైనుంచి "అయిందా?" అని ఒర్రిన్రు.
ఇంకా కాలే అన్న.

అక్కడ పెట్టెల
ఒక గొర్రె తక్కువ పడుతుంది.